పసితనపు కళ్లతో చూసిన ఆకాశం: పింక్ ఫ్లాయిడ్ తొలి ఆల్బమ్

బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ పేరు వినగానే చాలామందికి 1973 నాటి ఆల్బమ్ 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' గుర్తుకు వస్తుంది. దాని గొప్పతనాన్ని కాదనను. అయినా ఈ బృందం రికార్డుల్లో నేను ఎక్కువగా పెట్టుకొని వినేది 1967 ఆగస్టులో వెలువడిన తొలి ఆల్బమ్ 'ది పైపర్ ఎట్ ద గేట్స్ ఆఫ్ డాన్'. వింత ధ్వనులతో కలలాంటి లోకాలను చూపే సైకెడెలిక్ రాక్ అంటే మత్తులో పుట్టిన గందరగోళమని తీసిపారేసేవారికి నేను మొదట చేతిలో పెట్టే ఆల్బమ్ కూడా ఇదే.

ఇందులోని పదకొండు పాటల్లో ఎనిమిదింటిని బృందం గాయకుడు, గిటారిస్టు సిడ్ బారెట్ ఒక్కడే రాశాడు. అప్పటికి అతని వయసు 21 ఏళ్లు. కెన్నెత్ గ్రాహమ్ పిల్లల నవల 'ది విండ్ ఇన్ ద విల్లోస్'లోని ఒక అధ్యాయం శీర్షికే ఈ ఆల్బమ్‌కు పేరయింది. ఆ పేరు ఊరికే పెట్టింది కాదని పాటలు వింటూ ఉంటే తెలుస్తుంది. గ్రహాల గురించి పాడినా, పిల్లి గురించి పాడినా, మరుగుజ్జు గురించి పాడినా బారెట్ గొంతులో వినిపించేది నిద్రపోవడానికి ఇష్టపడని పిల్లవాడి ఆశ్చర్యమే. ఆ ఆశ్చర్యంలో భయం కూడా కలిసి ఉండడం వల్లనే ఈ పాటలు వట్టి ముద్దుమాటలుగా మిగిలిపోలేదు.

'మటిల్డా మదర్' వినండి. తల్లి కథ చదివి మధ్యలో ఆపి వెళ్లిపోతే, పుస్తకంలోని అక్షరాలకు ప్రాణం పోసే ఆ గొంతు దూరమైన పిల్లవాడు ఇంకా చెప్పమని బతిమాలుకుంటాడు. చరణాల్లో ఎక్కువ భాగం ఆర్గన్ వాయించే రిచర్డ్ రైట్ మెత్తగా పాడగా, మధ్యలో అతని ఫర్ఫీసా ఆర్గన్ ఒక్కసారిగా తూర్పుదేశాల రాగాలను తలపించే దారిలోకి మళ్లుతుంది. ఈ ఆల్బమ్ గురించి రాసేవారు బారెట్‌ను తలచుకున్నంతగా రైట్‌ను తలచుకోకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. గిటార్ ఎటు పరుగెత్తినా పాట చెదిరిపోకుండా పట్టి ఉంచింది చాలాచోట్ల ఆ ఆర్గనే.

తొలి పాట 'ఆస్ట్రానమీ డామినీ' మెగాఫోన్‌లో గ్రహాల, నక్షత్రాల పేర్లు చదువుతున్న గొంతుతో మొదలవుతుంది. ఆ గొంతు బృందం మేనేజర్లలో ఒకరైన పీటర్ జెనర్‌ది. ఆ వెనుకనే మోర్స్ సంకేతాల వంటి బీప్‌లు, ఒకే తీగ మీద నాడిలా కొట్టుకునే గిటార్, నిక్ మేసన్ డ్రమ్స్ ఒకదానిపై ఒకటి చేరుకుంటాయి. పాట పతాకస్థాయికి చేరిన చోట శ్రుతులు మెట్టు మెట్టుగా కిందికి దిగుతాయి. ఆకాశం మీది పాటలో పైకి ఎగరడానికి బదులు కిందికి జారే బాణీని ఎంచుకోవడంలోనే బారెట్ ప్రతిభ ఉంది. అంతరిక్షం ఎంత లోతైనదో ఆ జారుడులోనే తెలుస్తుంది. సిగరెట్ లైటర్‌ను తీగల మీద జార్చి, ఆ ధ్వనిని బిన్సన్ ప్రతిధ్వని యంత్రం గుండా పంపడం అతని వాయింపు పద్ధతుల్లో ఒకటి. అందుకే అతని గిటార్ తరచూ గిటార్‌లా వినిపించదు.

తొమ్మిదిన్నర నిమిషాలు దాటిన 'ఇంటర్‌స్టెల్లార్ ఓవర్‌డ్రైవ్'కు మాటలు లేవు. గిటార్, బేస్ కలిసి దిగుతున్న ఒక బాణీని గట్టిగా పలికి, ఆ తర్వాత దాన్ని పూర్తిగా వదిలేసి, నలుగురూ ఒకరినొకరు వింటూ ఎటు తోస్తే అటు వెళ్లి, చివరికి మళ్లీ ఆ బాణీ దగ్గరికే చేరుకుంటారు. లండన్‌లోని యూఎఫ్‌ఓ క్లబ్‌లో వాళ్లు గంటల తరబడి వాయించిన సంగీతం ఎలా ఉండేదో ఊహించుకోవడానికి ఈ రికార్డులో మనకు దొరికే మంచి ఆధారం ఇదే. అది ముగిసీ ముగియగానే 'ద నోమ్' అనే చిన్నారి మరుగుజ్జు కథ మొదలవుతుంది. ఈ రెండూ పక్కపక్కన ఉండడం కొందరికి ఎబ్బెట్టుగా అనిపించవచ్చు గానీ నాకు ఈ ఆల్బమ్ అంతటిలో అత్యంత ఇష్టమైన మలుపు అదే.

'ద స్కేర్‌క్రో'లో కొయ్యముక్కల చప్పుడులా వినిపించే తాళం మీద పొలంలోని దిష్టిబొమ్మ దిగులు రెండు నిమిషాల్లో ముగిసిపోతుంది. బేస్ గిటార్ వాయించే రోజర్ వాటర్స్ రాసిన ఒకే ఒక్క పాట, వైద్యుడిని పిలిచే 'టేక్ అప్ దై స్టెతస్కోప్ అండ్ వాక్', మిగిలిన వాటి పక్కన తేలిపోయింది. అందులో హుషారు తప్ప ఊహ లేదు.

బీటిల్స్ దగ్గర సౌండ్ ఇంజినీరుగా పనిచేసిన నార్మన్ స్మిత్ అబీ రోడ్ స్టూడియోలో దీనికి నిర్మాత. అదే భవనంలో ఆ సమయంలో బీటిల్స్ తమ 'సార్జెంట్ పెప్పర్స్' ఆల్బమ్‌ను రికార్డు చేస్తున్నారు. వేదిక మీది సుదీర్ఘ వాయింపులను మూడు, నాలుగు నిమిషాల పాటలుగా కుదించాడని స్మిత్ మీద కొందరికి కోపం ఉంది. ఆ క్రమశిక్షణే లేకపోతే బారెట్ మాటలు శబ్దంలో మునిగిపోయేవని నా నమ్మకం. చివరి పాట 'బైక్'లో ఒక అబ్బాయి తన స్నేహితురాలికి తనదికాని సైకిలును, ఇల్లులేని ఎలుకను చూపించి మెప్పించాలని చూస్తాడు. ఆ పాట నిండా నవ్వు వస్తుంది, దాని చివర గడియారాలు, గంటలు, బాతుల అరుపుల వంటి వికృతమైన చప్పుళ్లు వచ్చి ఆ నవ్వును మాయం చేస్తాయి.

కొత్తగా వినేవారు బ్రిటిష్ ముద్రణ క్రమాన్నే వెతుక్కోవాలి. అప్పటి అమెరికా ముద్రణలో 'ఆస్ట్రానమీ డామినీ', 'ఫ్లేమింగ్', 'బైక్' తొలగించి, విడిగా వచ్చిన 'సీ ఎమిలీ ప్లే'ను ముందు పెట్టారు. అది మంచి పాటే, కానీ ఆ మార్పుతో ఆల్బమ్‌కు మొదలూ చివరా రెండూ పోయాయి. 2007లో మోనో (ధ్వని అంతా ఒకే ధారగా వినిపించేది), స్టీరియో (రెండు చెవులకూ వేర్వేరుగా పంచేది) రూపాలు రెండూ కలిపి మళ్లీ విడుదల చేశారు. పాటల బిగువు మోనోలో బాగుంటుంది, 'ఇంటర్‌స్టెల్లార్ ఓవర్‌డ్రైవ్' చివర ధ్వని ఒక చెవి నుంచి మరో చెవికి ఊగుతూ పోవడాన్ని మాత్రం స్టీరియోలో, హెడ్‌ఫోన్‌తో వినాలి.