పాత మోడల్ రైలింజన్: సర్వీసింగ్ సరిపోతుందా, డీకోడర్ వేయాలా, కొత్తది కొనాలా? ఏది మేలు?

ఇంట్లో ఒక పాత హెచ్‌ఓ (అసలు రైలుకి 1:87 కొలతలో ఉండే) మోడల్ రైలింజన్ ఉంది. నడుస్తుంది కానీ కుదుపుతూ నడుస్తుంది, పాయింట్ల (పట్టాలు చీలే చోట్ల) మీద ఆగిపోతుంది, వేలితో తడితే మళ్లీ కదులుతుంది. ఇప్పుడేం చేయాలి? విప్పి శుభ్రం చేసి పాత డీసీ కంట్రోలర్ (వోల్టేజీ పెంచి తగ్గించి వేగం మార్చేది) మీదే నడపాలా, డీకోడర్ (పట్టాల్లో వచ్చే సంకేతాలు విని మోటార్‌ని నడిపే చిన్న బోర్డు) వేసి డీసీసీకి, అంటే ఒక్కో ఇంజన్‌ని దాని నంబరుతో విడిగా నడిపే డిజిటల్ పద్ధతికి మార్చాలా, లేక దాన్ని అద్దాల బీరువాలో పెట్టేసి కొత్తది కొనాలా? హనుమకొండ, కాజీపేట వైపు ఈ పిచ్చి ఉన్నవాళ్లం నలుగురం కలిస్తే చివరికి మాట ఇక్కడికే వస్తుంది. నా లెక్కలో సర్వీసింగ్ ఎలాగూ చేయాల్సిందే. డీకోడర్ కావాలా వద్దా అన్నది, మీ పట్టాల మీద ఒకేసారి ఎన్ని ఇంజన్లు తిరగాలన్న దాన్ని బట్టి ఉంటుంది. కొత్తది కొనడం ఆఖరి మాట.

సర్వీసింగ్‌కి ఇంత విలువ ఎందుకిస్తున్నానంటే, మన దగ్గర దుమ్ము అలాంటిది. వరంగల్‌లోనే ఎండాకాలం కిటికీ తీస్తే సాయంత్రానికి పట్టాల మీద పొర కనిపిస్తుంది, ఇక రామగుండం, మందమర్రి వైపు ఉన్నవాళ్లకైతే దానికి బొగ్గు మసి తోడు. చక్రానికీ పట్టాకీ మధ్య దుమ్ము చేరితే కంటికి కనిపించనంత చిన్న నిప్పురవ్వలు వస్తాయి, వాటి వల్ల లోహం మీద నల్లటి పొర కడుతుంది, ఆ పొర వల్ల ఇంకా రవ్వలు పుడతాయి. ఇంజన్ కుదుపుతోందంటే చాలాసార్లు కారణం ఇదే, మోటార్ కాదు. మా పెద్దబాపు కాజీపేట డీజిల్ షెడ్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు, డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ల మధ్య బతికిన మనిషి. నా బల్ల మీద ఇంజన్ ఆగిపోతుంటే చూసి, "మోటార్ జోలికి పోకు బిడ్డా, ముందు చక్రాలు తిప్పి చూడు" అన్నాడు. తిప్పి చూస్తే చక్రాల అంచుల మీద నల్లగా గట్టిపడిన మడ్డి.

చక్రాలు, పట్టాలు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలా, పెయింట్ షాపులో ఎంటీఓ అని అమ్మే మినరల్ టర్పెంటైన్ వాడాలా అని అడుగుతుంటారు. నేను రెండూ వాడతాను, అయితే ఆ వరుసలోనే. మొబైల్ రిపేర్ షాపుల్లో దొరికే ఆల్కహాల్ మడ్డిని బాగా వదిలిస్తుంది, త్వరగా ఆరిపోతుంది. కానీ అదొక్కటే వాడితే నల్లపొర తొందరగా తిరిగొస్తుందని చాలాకాలంగా నడిపేవాళ్లు చెబుతారు, నాకూ అలాగే అనిపించింది. అందుకని చివర్లో ఎంటీఓ కొద్దిగా అద్దిన గుడ్డతో పట్టా పైభాగం తుడుస్తాను. రెండూ మండేవే కాబట్టి కరెంటు ఆపేసి, కిటికీ తీసి చేయండి. చక్రాలకు రబ్బరు రింగులుంటే వాటికి ఏదీ తగలనివ్వొద్దు, ఉబ్బి ఊడిపోతాయి. గరుకు కాగితంతో మాత్రం వద్దు. ఆ రోజుకి తళతళలాడుతుంది గానీ, పడిన గీతల్లో మరుసటి వారం అంతకు రెట్టింపు దుమ్ము చేరుతుంది.

ఇక లోపలికి వెళ్దాం. బాడీ తీసేముందు ఫోన్లో ఫొటోలు తీసుకోండి, తీసిన ప్రతి స్క్రూనీ వరుసగా టేపుకి అంటించండి. పాత గ్రీజు ఎండి ఎండి మైనంలా అయ్యుంటుంది, దాన్ని టూత్‌పిక్‌తో గీకాలి. మోటార్‌లో బ్రష్‌లు తగిలే కమ్యుటేటర్ రాగి ముక్కల మధ్య సన్నటి గాళ్లుంటాయి, వాటిలో కార్బన్ పొడి చేరితే మోటార్ వేడెక్కి బలం తగ్గుతుంది, అదీ టూత్‌పిక్ పనే. తర్వాత ఇరుసు మీది గేర్లు. ఇంజన్ నడుస్తుంటే చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా "టిక్" మంటోందంటే, ఇరుసుకి బిగించిన ప్లాస్టిక్ గేర్ పగిలిందేమో చూడాలి. పగులు వెంట్రుకంత సన్నగా రెండు పళ్ల మధ్యలో ఉంటుంది, భూతద్దం పెట్టి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే గానీ దొరకదు. జిగురుతో అతికిస్తే నిలవదు, గేర్ మార్చాల్సిందే. నూనె విషయంలో ప్లాస్టిక్‌కి హాని చేయదని రాసున్నదే కొనండి, ఒక్కో బేరింగ్‌కి సూది మొనతో అంటినంత చాలు. కొబ్బరినూనె జిగురు కడుతుంది. ఎక్కువైన నూనె ఏదైనా సరే పట్టాల మీదికి జారి చేసిన శుభ్రమంతా పాడుచేస్తుంది.

ఇదంతా చేశాక చాలా ఇంజన్లు అదే పాత కంట్రోలర్ మీద, అదే పన్నెండు వోల్టుల డీసీలో, మెల్లగా హాయిగా నడుస్తాయి. బల్ల మీద ఒక గుండ్రటి లైను, ఒక లూపు, ఒక ఇంజన్ ఉన్నవాళ్లకి నేను డీకోడర్ అస్సలు చెప్పను. ఆ డబ్బుతో మంచి పట్టాలు కొనుక్కోమంటాను. మరీ పాత ఓపెన్ ఫ్రేమ్ (చుట్టూ డబ్బా లేని) మోటార్ అయి, కరెంటు ఎక్కువ లాగుతూ వేడెక్కుతుంటే, సరిపడా కొలతలున్న చిన్న క్యాన్ (డబ్బాలో మూసి ఉన్న) మోటార్ వేస్తే డబ్బు తక్కువ, తేడా ఎక్కువ. షాఫ్ట్ లావు, దానికి తగిలించే మర లాంటి వార్మ్ గేర్ రంధ్రం కొలుచుకుని కొనాలి, లేదంటే మోటార్ వచ్చాక తలపట్టుకోవాలి.

మరి డీసీసీ ఎందుకు? కాజీపేట జంక్షన్ దగ్గర కాసేపు నిలబడితే అర్థమవుతుంది. బాక్స్‌ఎన్ బోగీల బొగ్గు గూడ్స్ ఒకటి తన ఇంజన్‌తో నిలబడి ఉంటుంది, ఇంకో ఇంజన్, డబ్ల్యూఏజీ-7 అనే కరెంటు ఇంజన్, లైట్లేసుకుని మెల్లగా వచ్చి తగులుకుంటుంది, రెండూ కలిసి లాగుతాయి. ఇది డీసీలో చేయాలంటే లైనంతా బ్లాకులుగా కోసి, ఒక్కోదానికి స్విచ్ పెట్టి, రైలు నడపడం కన్నా స్విచ్‌లు మార్చడంలోనే సాయంత్రం గడిచిపోతుంది. డీసీలో పట్టాకి ఎంత వోల్టేజీ ఇస్తే దాని మీదున్న ఇంజన్లన్నీ అంత వేగంతో కదులుతాయి. డీసీసీలో పట్టాల మీద ఎప్పుడూ పూర్తి వోల్టేజీ ఉంటుంది, హెచ్‌ఓకి సుమారు 14 నుంచి 16 వోల్టులు. అది దిశ మార్చుకుంటూ సంకేతాలు మోస్తుంది, 'ఒకటి' అన్న బిట్‌కి ఒక్కో సగం 58 మైక్రోసెకన్లు, 'సున్నా'కి అంతకన్నా ఎక్కువ. ఇంజన్‌లోని డీకోడర్ తన నంబరు వినిపిస్తేనే స్పందిస్తుంది. అందుకే ఒకటి నిలబడి లైటు వెలిగించుకుని ఉంటే, అదే పట్టా మీద ఇంకోటి కదలగలుగుతుంది. నాకు ఇందులో బాగా నచ్చేది బరువు. డీకోడర్ సెట్టింగుల్లో సీవీ3 (వేగం అందుకోవడం), సీవీ4 (ఆగడం) విలువలు పెంచితే గూడ్స్ బండి నిజంగా బరువు లాగుతున్నట్టు నిదానంగా కదిలి, నిదానంగా ఆగుతుంది. అది చూస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది.

కానీ డీకోడర్ పాత ఇంజన్‌కి వేయాలంటే రెండు పరీక్షలు తప్పవు. ఒకటి, మోటార్‌కి ఛాసిస్‌తో ఎక్కడా సంబంధం ఉండకూడదు. చాలా పాత ఇంజన్లలో ఒక బ్రష్ నేరుగా లోహపు ఛాసిస్‌కి తగిలి ఉంటుంది, డీసీలో అది సౌకర్యం, డీసీసీలో మొదటిసారి కరెంటు ఇవ్వగానే డీకోడర్ కాలిపోతుంది. వైర్లు ఊడదీసి, మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టి, మోటార్ రెండు కొసల నుంచీ ఛాసిస్‌కి చూడండి, బీప్ రాకూడదు. రెండోది, మోటార్ ఇరుక్కుపోతే ఎంత కరెంటు లాగుతుంది? వైండింగ్ నిరోధం కొలవండి. ఎనిమిది ఓమ్‌లు వచ్చిందనుకోండి, 14 వోల్టుల మీద 1.75 ఆంపియర్లు. ఒక ఆంపియర్ డీకోడర్‌కి అది ప్రమాదం. ఇలాంటి ఇంజన్‌కి ముందు మోటార్ మార్చాలి, తర్వాతే డీకోడర్ గురించి ఆలోచించాలి.

ఈ రెండూ దాటితే మిగతాది ఓపిక పనే. ఇంజన్‌లో డీకోడర్ గుచ్చే సాకెట్ లేకపోతే, డీకోడర్ ఎరుపు, నలుపు వైర్లు రెండు పట్టాల నుంచి, నారింజ, బూడిద రంగువి మోటార్‌కి, తెలుపు ముందు లైటుకి, పసుపు వెనక లైటుకి, నీలం రెండు లైట్లకీ ఉమ్మడి. ఎల్‌ఈడీ అయితే ఒక కిలో ఓమ్ రెసిస్టర్ మర్చిపోవద్దు. జాయింట్లకి ష్రింక్ ట్యూబ్ వేయండి, టేపు మన ఎండలకి జిగురు కారి ఊడుతుంది. బాడీ మూయకుండానే ప్రోగ్రామింగ్ ట్రాక్ (డీకోడర్‌ని చదివి సెట్ చేసే విడి పట్టా ముక్క) మీద పెట్టి నంబరు చదివించండి. కొత్త డీకోడర్ నంబరు సాధారణంగా 3 ఉంటుంది. ఆ నంబరు వచ్చిందంటే పట్టాల, మోటార్ వైర్లు సరిగ్గా ఉన్నట్టే, అప్పుడు మెయిన్ లైను మీదికి.

ఖర్చుకి భయపడి డీసీసీ వద్దనుకునేవాళ్లకి ఒక మాట. పట్టాలకి డీసీసీ సంకేతాలు పంపే కమాండ్ స్టేషన్ బ్రాండెడ్‌దే కొనక్కర్లేదు. ఆర్డుయినో మెగా అనే చిన్న కంప్యూటర్ బోర్డు, దాని మీద ఒక మోటార్ షీల్డ్, ఫోన్‌తో కలపడానికి ఒక వైఫై బోర్డు, అందులో డీసీసీ-ఈఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఫోన్లో కంట్రోలర్ యాప్, చిన్న లైనుకి అంతే చాలు. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే ఇలాంటి బోర్డులు, వైర్లు, ష్రింక్ ట్యూబులు అన్నీ ఒక పూటలో తెచ్చుకోవచ్చు. డీకోడర్లు మాత్రం తెప్పించుకోవాల్సిందే.

ఇక కొత్త ఇంజన్. అన్ని చక్రాల నుంచీ కరెంటు తీసుకుంటుంది, కుదుపు తగ్గించే ఫ్లైవీల్ (బరువు చక్రం) ఉంటుంది, డీకోడర్ గుచ్చడానికి 21 పిన్నుల సాకెట్టో ప్లక్స్22 సాకెట్టో ఉంటుంది, పెట్టెలోంచి తీసి పట్టాల మీద పెట్టడమే. టంకం పెట్టడం రానివాళ్లకి, టైం లేనివాళ్లకి ఇది సరైన దారే, కాదనను. కానీ బయటి నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం పడుతుంది, పాడైతే తిరిగి పంపడానికి అయ్యే ఖర్చు వింటే వారంటీ కాగితం మడిచి లోపల పెట్టేస్తాం. పైగా మనకి కావాల్సిన ఇంజన్లు తక్కువ. డబ్ల్యూడీఎం-2 కావాలంటే చాలామంది 3డీ ప్రింట్ బాడీని ఏదో విదేశీ ఛాసిస్ మీద కూర్చోబెట్టుకుంటున్నారు. అలా చేసేవాళ్లు ఒకటి గమనించాలి. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు, 1:87లో అది 19 మిల్లీమీటర్లు దాటుతుంది, హెచ్‌ఓ పట్టా 16.5 మాత్రమే. బాడీ కొలత సరిగ్గా ఉన్నా కింద చక్రాలు లోపలికి పోయినట్టు కనిపిస్తాయి, దానికి సర్దుకుపోవాల్సిందే. సౌండ్ మాత్రం అదృష్టం. అసలు డబ్ల్యూడీఎం-2లో ఉన్నది అమెరికా ఆల్కో కంపెనీ 251 డీజిల్ ఇంజనే కాబట్టి, ఆ ఆల్కో 251 సౌండ్ ఉన్న డీకోడర్ వేస్తే మా పెద్దబాపు కళ్లు మూసుకుని విని తలూపాడు. సౌండ్ డీకోడర్ ధర మామూలు దానికి ఎన్నో రెట్లు, కాబట్టి అది బాగా నడిచే ఇంజన్‌లోనే పెట్టండి.

బ్యాటరీ, రేడియోతో నడిపే పద్ధతి కూడా ఉంది. పట్టాల్లో కరెంటే ఉండదు కాబట్టి దుమ్ము బాధ పోతుంది, విన్నప్పుడు మన ఊరికి ఇదే సరైందనిపిస్తుంది. హెచ్‌ఓ బాడీలో బ్యాటరీకి చోటు చాలా తక్కువ, నడిచే సమయమూ అంతే. తోటలో నడిపే పెద్ద స్కేలు వాళ్లకి వదిలేద్దాం.

ఒకే ఇంజన్ ఉన్నవాళ్లు సర్వీసింగ్‌తో ఆగండి. రెండు మూడు ఇంజన్లుండి, మోటార్లు పరీక్షలో నెగ్గితే డీకోడర్లే మేలు, నేను అటువైపే ఉన్నాను. నాలుగు చక్రాల చిన్న షంటర్ (యార్డులో బోగీలు మళ్లించే ఇంజన్) అయితే కీప్ అలైవ్ కెపాసిటర్ కూడా కలుపుకోండి, పాయింట్ల మీద క్షణం కరెంటు పోయినా ఆగదు. పగిలిన గేర్ ఉన్నవాళ్లు మాత్రం డీకోడర్‌కి ఆర్డర్ పెట్టేముందు ఆ గేర్ ఎక్కడైనా దొరుకుతుందేమో వెతకండి, పళ్ల సంఖ్య, ఇరుసు లావు రాసిపెట్టుకుని అడగండి. అది దొరక్కపోతేనే కొత్త ఇంజన్ వైపు చూడండి.