ఏది మేలు: షోడోషిమాలో పది రోజులా, మాజులీలో మూడు వారాలా?

మా చిన్నాన్న కూతురు అనంతపురంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. మొన్న ఫోన్ చేసి, "అక్కా, వేరే దేశాల పిల్లలతో కలిసి దీవిలో ఉండే ప్రోగ్రాములు రెండు కనబడినాయి, ఒకటి జపాన్‌లోని షోడోషిమా, ఒకటి అస్సాంలోని మాజులీ. దేనికి పెట్టేది?" అని అడిగింది. నేను రెండు దీవులూ చూసి వచ్చాను, ఫోన్లో చెప్పింది నాకే చాలలేదు, అందుకని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మన జిల్లాల్లో ఇదే సందేహం ఉన్న పిల్లలు ఇంకా ఉంటారు కదా.

ముందు ఒక జాగ్రత్త. యూరప్‌లో ఎరాస్మస్ ప్లస్ అనే యూరోపియన్ యూనియన్ పథకం కింద 13 నుంచి 30 ఏళ్ల వాళ్లకి 5 నుంచి 21 రోజుల యువజన మార్పిడులు (యూత్ ఎక్స్ఛేంజ్‌లు) జరుగుతాయి, వాటిలో చాలా బాగుండేవి దీవుల్లోనే పెడతారు. కానీ అవి యూరప్‌కీ దాని చుట్టుపక్కల దేశాలకీ మాత్రమే, మనకి లేవు. (చదువుకిచ్చే ఎరాస్మస్ ముండుస్ స్కాలర్‌షిప్ వేరు, అది మనకూ ఉంది.) యూత్ ఎక్స్ఛేంజ్ సీటు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే కట్టకండి.

ఇక షోడోషిమా. జపాన్ లోపలి సముద్రంలో, కగావా ప్రాంతంలో ఉంటుంది, వంతెన లేదు, తకమత్సు రేవు నుంచి ఫెర్రీలో గంట ప్రయాణం. 1908లో ప్రభుత్వం మూడు చోట్ల ఆలివ్ చెట్లు నాటి చూస్తే ఇక్కడ మాత్రమే నిలబడ్డాయట. కారణం వాన తక్కువ కావడం. జపాన్‌లో కరువు ప్రాంతమంటే ఎట్లుంటుందో చూద్దామని ఆశగా పోయాను, తీరా అక్కడ ఏటా పడే వాన సుమారు 1,100 మిల్లీమీటర్లు. మన అనంతపురానికి సగటు 550! అయినా వాళ్లు నీళ్ల కోసం పడిన కష్టం మనకి బాగా అర్థమవుతుంది, ఎందుకంటే కగావా అంతా చెరువులే, చిన్నవీ పెద్దవీ వేల సంఖ్యలో తవ్వుకున్నారు.

నాది పది రోజుల ప్రయాణం. ఖర్చంతా నిర్వాహకులదే, మనది వీసా, చేతి ఖర్చు. కానీ ఆ పది రోజుల్లో మొదటి మూడు పెద్ద ఊళ్లలో ఉపన్యాసాలకే పోయాయి, దీవి మీద ఐదు రాత్రులు, అందులో ఒక ఇంట్లో ఉన్నది రెండే రాత్రులు. ఆ ఇంట్లో డెబ్బై దాటిన దంపతులు. పిల్లలు ఒసాకాలో. పక్కన రెండిళ్లకి తాళాలు. నాకు ఆ వీధి కొత్తగా అనిపించలేదు, మా ఊళ్లోనూ బెంగళూరుకి పోయినవాళ్ల ఇళ్లు అట్లే ఉన్నాయి. రెండో రాత్రి ఫోన్లో అనువాదం పెట్టుకుని ఆయనతో చెరువుల గురించి మాట్లాడాను, కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉందని, చెరువు ఎట్లా కట్టాలో అందులో రాసి ఉందని చెబితే ఆయన లేచి కూర్చున్నాడు. వాళ్ల చెరువు తూము పొద్దున్నే చూపిస్తానన్నాడు. పొద్దున ఎనిమిదింటికే మా బస్సు వచ్చింది. ఆలివ్ కాయలు కోయడానికి ఒక పూట ఇచ్చారు, చెక్క తొట్లలో సోయా సాస్ పులియబెట్టే చోటు గంట సేపు చూపించారు, అన్నీ బాగున్నాయి, ఎవరి మర్యాదలోనూ లోటు లేదు. ఆ తూము చూడలేదన్న బాధ మాత్రం నాకు ఇప్పటికీ ఉంది.

మాజులీ సంగతి వేరు. బ్రహ్మపుత్ర నడుమ దీవి, జోర్హాట్ దగ్గరి నిమతి ఘాట్ నుంచి పడవ, 2016 నుంచి అదే ఒక జిల్లా. నేను పోయింది వర్క్‌క్యాంప్ అనే పద్ధతిలో. 1920లో పియెర్ సెరెసోల్ అనే స్విట్జర్లాండ్ ఆయన, మొదటి ప్రపంచ యుద్ధంలో పాడైన ఒక ఫ్రెంచ్ ఊరిని బాగుచేయడానికి వేరువేరు దేశాల యువకుల్ని పోగు చేశాడు, అక్కడ మొదలైంది ఇది. 1934 బీహార్ భూకంపం తర్వాత ఆయన మన దేశానికీ వచ్చి పనిచేశాడు. పద్ధతి ఇప్పటికీ అదే: పని ఉచితంగా చేస్తాం, తిండి, పడక వాళ్లు చూస్తారు, దారి ఖర్చు, ఫీజు మనవి. బెంగళూరు నుంచి గువాహటికి రైల్లో రెండు రోజుల పైనే, అక్కడి నుంచి జోర్హాట్. నాకు ఫీజుతో కలిపి 30 వేలలోపే అయింది.

కొరియా, ఫ్రాన్స్, మెక్సికో వాళ్లతో కలిపి మేం ఎనిమిది మందిమి. ఇద్దరిద్దరం ఒక్కో మిసింగ్ (అక్కడి గిరిజన తెగ) కుటుంబంలో, వెదురు స్తంభాల మీద కట్టిన ఇంట్లో ఉన్నాం. కింద మగ్గం, కోళ్లు, పైన మనుషులు. పొద్దున బడికి వెదురు కంచె, మధ్యాహ్నం ఇంటి పని. మొదటి వారం మేం చుట్టాలమే, మంచి ముక్క మా కంచంలోనే పడేది. ఎనిమిదో రోజునో తొమ్మిదో రోజునో ఇంటి అవ్వ ఏమీ అనకుండా బిందె నా చేతికిచ్చి బోరింగు వైపు చూపించింది. నేను ఆ ఇంటికి నిజంగా చేరింది ఆ రోజే అనుకుంటాను.

మూడో వారంలో ఆమె "మీ నది ఏది?" అని అడిగింది. పెన్న అని చెప్పి, తాడిపత్రి దగ్గర తీసిన ఫోటో చూపించాను, అంతా ఇసుక. నీళ్లెక్కడ అని అడిగింది. వానలొస్తేనే అని చెబితే చాలాసేపు ఆ ఫోటోనే చూసింది, తర్వాత తన కథ చెప్పింది. వాళ్ల ఇల్లు ఇప్పటికి మూడుసార్లు జరిగిందట, పాత పొలం ఎక్కడంటే నది మధ్యలోకి చెయ్యి చూపింది. 1950 ఆగస్టు 15న వచ్చిన పెద్ద భూకంపంతో కొండలు విరిగి మట్టి నదిలోకి వచ్చింది, అడుగు పైకి లేచింది, అప్పటి నుంచి కోత ఎక్కువైంది. ఒకప్పుడు 1,200 చదరపు కిలోమీటర్లు దాటి ఉన్న దీవి ఇప్పుడు సగం కూడా లేదు. ఇదంతా పుస్తకంలో చదవొచ్చు, కానీ మన పెన్న ఫోటో చూసి ఆమె నోరు విప్పిందే, అది పది రోజుల్లో జరిగేది కాదు.

ఈ విషయం నాకు చిన్నప్పుడే తెలిసి ఉండాల్సింది. స్పెయిన్ ఆయన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి ఆర్‌డీటీ అనే సేవా సంస్థ మొదలుపెట్టాక స్పెయిన్ నుంచి మన పల్లెలకి వచ్చేవాళ్లు ఎందరో. మేం పూలదండలు వేసి కోలాటం ఆడేవాళ్లం, గంట సేపు ఉండి ప్రేమగా నవ్వి పోయేవాళ్లు, ఒక్క ముఖమూ గుర్తు లేదు. బత్తలపల్లి ఆసుపత్రిలో కొన్ని నెలలు పనిచేసిన ఒక నర్సు మాత్రం ఆదివారాలు మా ఇంటికి వచ్చి సంగటి తినేది, "ఇంకొంచెం ఊరిబిండి" అని తెలుగులో అడిగేది. ఆమె గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది.

మాజులీలో ఇబ్బందులూ ఉన్నాయి, దాచను. జనవరిలో మంచు కమ్మితే పడవలు ఆగిపోతాయి, మేం ఒక రాత్రి ఘాట్ దగ్గరే గడిపాం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వరద, అప్పుడు అసలు వద్దు. చేప, పంది మాంసం తినని వాళ్లు ముందే చెప్పుకోవాలి. పాస్‌పోర్టు చేతికి రావాలనీ, విదేశం పోయానని రెజ్యూమెలో రాసుకోవాలనీ ఉంటే షోడోషిమానే నయం, అందులో తప్పేం లేదు, ఉద్యోగాల టెన్షన్ నాకు తెలుసు. ఊరికే వచ్చిన జపాన్ అవకాశం వదులుకోమని కూడా అనను, ఒక ఇంట్లో ఎన్ని రాత్రులు ఉంచుతారో మాత్రం ముందే అడగండి, రెండు కంటే ఎక్కువ ఇస్తే సంతోషంగా పోండి.

మా చెల్లెలికి మాత్రం మాజులీ అనే చెప్పాను. ఫామ్ నింపింది. మా చిన్నమ్మకి ఇంకా పడవ భయం పోలేదు, రోజూ ఫోన్ చేసి లైఫ్ జాకెట్లు ఉంటాయా అని అడుగుతోంది, అడిగి తెలుసుకుంటానన్నాను. కంబళి నాదే ఇస్తున్నాను. శనక్కాయలు రెండు కిలోలకి తగ్గకుండా తీసుకుపొమ్మన్నాను, ఒక పూట వంట ప్రతివాళ్లకీ వంతు వస్తుంది.