చిన్‌లింగ్ వెదురు వాలుల్లో: చెంగ్డు, వోలాంగ్, ఫోపింగ్ యాత్రానుభవం

పాండాను కళ్లారా చూడడమే కోరికైతే, చైనాలోని చెంగ్డు నగర శివార్లలో 1987లో నెలకొల్పిన పరిశోధన కేంద్రం చాలు. ఉదయం మేత వేళకు చేరుకుంటే, జనం తోపులాట ఎంత ఉన్నా నిరాశ కలగదు. అయితే అడవిలో ఆ జంతువు ఏ నెలలో ఎక్కడ తిరుగుతుందో, ఏమి తింటుందో తెలుసుకోగోరేవారికి అక్కడ దొరికేది తక్కువ. వెదురు కోసి తెచ్చి ముందు పడవేస్తుంటే దానికి వెతుక్కోవలసిన పనేముంది?

1963లో రక్షిత ప్రాంతమైన వోలాంగ్ ఇంతకంటే మెరుగు. 2008 భూకంపంలో పాత పాండా కేంద్రం దెబ్బతినడంతో గెంగ్డా సమీపంలోని షెన్‌షుపింగ్‌లో కొత్తది కట్టారు. ఆవరణలు విశాలంగా ఉన్నాయి, రద్దీ తక్కువ. బస మాత్రం నిరాశపరిచింది: రోజంతా వేడినీళ్లని చెప్పిన వసతిగృహంలో అవి రాత్రి కాసేపే వచ్చేవి.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది షాన్సీ ప్రావిన్సులోని ఫోపింగ్. షియాన్–చెంగ్డు హైస్పీడ్ రైలు 2017 చివర్లో మొదలయ్యాక ఇక్కడికి రావడం సులువైంది. రక్షిత ప్రాంతపు లోపలి భాగానికి పర్యాటకులను పంపరు. వెలుపలి దారుల్లోనే, స్థానిక మార్గదర్శితో నడవాలి. అడవి పాండా కనిపిస్తుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మవద్దు. 2014లో ముగిసిన గణనలో దేశం మొత్తం మీద తేలినవి 1,864 మాత్రమే, అవీ ఒంటరిగా తిరిగేవి.

కనిపించేది దాని మేత జాడ. ఫోపింగ్ ఉన్న చిన్‌లింగ్ పర్వతాల వాలుల్లో రెండు రకాల వెదురు రెండు అంతస్తులుగా పెరుగుతుంది. సుమారు 2000 మీటర్ల ఎత్తుకు దిగువన ఉన్న వెదురులో పాండాలు ఏడాదిలో ఎక్కువ కాలం గడిపి, శీతాకాలంలో ప్రధానంగా ఆకులు తింటాయి. వసంతంలో వెదురు కొమ్ములు, అంటే నేలలోంచి వచ్చే లేత మొలకలు, మొలవగానే వాటి వెంట పైకి సాగుతాయి, ఎందుకంటే లేత కొమ్ముల్లో పీచు తక్కువ, మాంసకృత్తులు ఎక్కువ. వేసవిలో పై అంతస్తు వెదురుకు చేరి, ఈనవలసిన ఆడవి ఆగస్టు నాటికి దిగివచ్చి రాతి గుహల్లో పిల్లలను కంటాయి.

మార్గదర్శి ఒకచోట వంగి ఎండిన పెంటిక చూపించాడు. చిలగడదుంప ఆకారంలో ఉన్న ఆ ముద్దలో వెదురు ముక్కలు కొరికినవి కొరికినట్టే ఉన్నాయి, దుర్వాసన దాదాపు లేదు. తిన్నదానిలో అయిదో వంతు కూడా జీర్ణం కాదు కనుకనే పాండా రోజులో సగం సేపు తింటూనే ఉండవలసి వస్తుంది. ఆ ముక్కల పొడవు కొలిచి ఏ జంతువుదో అంచనా వేసే పద్ధతీ ఉందట. పక్కనే లావుపాటి కొమ్ము మొదలు, దాని చుట్టూ ఒలిచి పారేసిన పొరలు. సన్నని కొమ్ములను అది ముట్టనే లేదు.

ఫోపింగ్ పట్టణంలో ఒక కుటుంబం నడిపే బసలో గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది. శాకాహారులకు టోఫు, అన్నం, వెదురు కొమ్ముల వేపుడు దొరికాయి. మన ఏజెన్సీ ప్రాంతాల్లో కొమ్ముల కూర తిన్నవారికి అది కొత్తగా అనిపించదు. ఇంగ్లీషు తెలిసినవారు అరుదు కాబట్టి అనువాద యాప్, మొబైల్ చెల్లింపు ముందే సిద్ధం చేసుకోవాలి. మేత జాడలు చూడాలంటే కొమ్ములు మొలిచే వసంతకాలంలో వెళ్లడం మేలు. వేసవిలో జంతువులు పైకి వెళ్లిపోతాయి గనుక దిగువ దారుల్లో పాత జాడలే మిగులుతాయి.