సోమశిల ఒడ్డున ఒక రాత్రి, 1,200 రూపాయల కర్ర

గుడారం అద్దెకు తెచ్చుకునేవాళ్లు దుకాణంలోనే మూట విప్పించండి. వాళ్లు విసుక్కున్నా సరే, అక్కడే ఒకసారి నిలబెట్టి చూడండి. మేము ఆ పని చేయలేదు. నెల గడిచినా ఆ కోపం నాకు తగ్గలేదు.

డిసెంబరు రెండో శనివారం, ఆదివారం కలిసి వచ్చాయని కృష్ణా నది ఒడ్డున ఉన్న సోమశిల వెళ్దామనుకున్నాం. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా కారు ప్రయాణం. రానూ పోనూ పెట్రోలుకు 1,600 అయింది. మా వారు శుక్రవారం హైదరాబాద్‌లో పని ముగించుకుని ఒక అద్దె దుకాణం నుంచి సామాను తెచ్చారు. నలుగురు పట్టే గుడారం రోజుకు 500, నాలుగు స్లీపింగ్ బ్యాగులు ఒక్కొక్కటి రోజుకు 120. రెండు రోజులకు 1,960 తీసుకుని, డిపాజిట్ కింద మరో 3,000 కట్టించుకున్నారు. విప్పి చూపించమంటే, "అన్నీ మేమే చూసి కట్టాం సార్, విప్పితే మళ్లీ ఇంత చిన్నగా మడవడం కష్టం" అన్నారట. సామాను సరిగ్గా అందిందని రాసిన కాగితం మీద సంతకం మాత్రం మరిచిపోకుండా పెట్టించుకున్నారు.

ఇంట్లో సర్దే పని అత్తయ్య చూసుకున్నారు. సజ్జ రొట్టెలు, పల్లీ కారం, ఇరవై లీటర్ల నీళ్ల క్యాను, టార్చిలైట్లు, వాటికి కొత్త బ్యాటరీలు. చివరికి ఉతికి ఆరేసిన నాలుగు గోనెసంచులు తెచ్చారు. కారులో చోటు లేదని మా వారు చిరాకుపడ్డారు. "నేల చలి కింది నుంచి వస్తుంది నాయనా, పైన ఎన్ని కప్పుకుంటే ఏం లాభం?" అంటూ ఆవిడే వాటిని వెనక సీటు కింద కుక్కారు.

సోమశిలలో సోమేశ్వరుడి దర్శనం పది నిమిషాల్లో అయింది. శ్రీశైలం ప్రాజెక్టు కింద పాత గుడి మునిగినప్పుడు దాన్ని పైకి తరలించి కట్టారు. ప్రశాంతమైన చోటు. నదిలో మనిషికి 100 ఇచ్చి పడవ ఎక్కాం. లైఫ్ జాకెట్లు అందరికీ సరిపోతేనే ఎక్కుతానని నేను పట్టుబట్టాను. 2007లో ఈ నదిలోనే పడవ మునిగి పదుల మంది చనిపోయారు. మీరూ మొహమాటపడకండి.

చేపలు పట్టే ఒక కుటుంబం తమ పెరట్లో కారు పెట్టుకోనిచ్చింది, 200 ఇచ్చాం. ఆ ఇంటి పెద్దాయన నీటి అంచుకు దూరంగా, కాస్త ఎత్తున చోటు చూపించాడు. అక్కడ మూట విప్పాం. పన్నెండు ఉండాల్సిన మేకులు ఏడే ఉన్నాయి, వాటిలో రెండు వంగిపోయాయి. మా అబ్బాయి గుడారాన్ని నిలబెట్టే ఫైబర్ కర్రను దాని గుడ్డ గొట్టంలోకి దూర్చి వంచేసరికి టప్పున చప్పుడైంది. బయటికి లాగి చూస్తే, విరిగిన చోట నల్ల టేపు చుట్టి ఉంది. దాని అంచులు లేచి జిగురుకు పాత ఇసుక పట్టేసింది. కింద విరుపు మట్టి పట్టి నల్లబడింది. ఎప్పుడో విరిగిన కర్ర అది. దాని సన్నని పీచు వాడి అరచేతిలో గుచ్చుకుంటే, దీపం వెలుగులో సూదితో తీశాను. మా వారు ఒక్క మాటా మాట్లాడలేదు. నాన్నకు కోపం వచ్చిందా అని పాప నా చెవిలో అడిగింది.

పెద్దాయనే ఆదుకున్నాడు. వేలు మందాన వెదురు బద్ద తెచ్చి, విరిగిన చోట ఆనించి, వల అల్లే నైలాను దారంతో బిగించి కట్టాడు. రాతి నేలలో మేకులు దిగకపోతే తాళ్లను బండరాళ్లకు కట్టించాడు. డబ్బు ఇస్తే తీసుకోలేదు. కిలోన్నర బొచ్చె చేపకు 300, వండినందుకు 150 మాత్రం తీసుకున్నారు. చింతపండు పులుసు సజ్జ రొట్టెలోకి ఇంకుతుంటే పిల్లలు మారు అడిగి తిన్నారు. ఇంత మంచి చేపల పులుసు నేను హోటల్లో ఎక్కడా తినలేదు.

తెల్లవారుజామున నది మీది గాలికి వణికిపోయాం. అద్దె బ్యాగులు పలచన. గోనెసంచులు పరుచుకోకపోతే పాపకు నిద్ర పట్టేది కాదు. ఇంకో మాట, గుడారం జిప్పు మొత్తం మూసేయకండి. మన ఊపిరి తేమే పైకప్పుకు పట్టి చుక్కలుగా పడుతుంది. పొద్దున మా వారు ఆ సంచులను తానే దులిపి, మడిచి, అన్నిటికన్నా ముందు కారులో పెట్టారు.

సోమవారం దుకాణంలో కర్ర విరిగిందని డిపాజిట్‌లో 1,200 కోశారు. పాత టేపు ఫొటోలు చూపించినా, "సంతకం మీదే కదా" అన్నారు తప్ప ఫోను వంక కూడా చూడలేదు. వెదురు బద్దను మాత్రం మా అబ్బాయి ముందే విప్పి దాచుకున్నాడు.

సంక్రాంతి సెలవుల్లో మళ్లీ వెళ్తున్నాం. 3,400 పెట్టి సొంత గుడారం కొన్నాం. నిన్న రాత్రి హాల్లో నిలబెట్టి చూశాం. మేకులు పాప లెక్కపెట్టింది, పన్నెండూ ఉన్నాయి.