ఆర్గానిక్ షాపా, రైతుబజారా, డాబా మీద తోటా: విశాఖలో ఏది మేలు?

మందుల కూరగాయలు ఇక చాలు, మారిపోదాం అనుకునే వాళ్లకి విశాఖలో మూడు దారులున్నాయి. ఎప్పటిలాగే రైతుబజారులో కొని బాగా కడుక్కుని తినడం ఒకటి. రేటు ఎక్కువైనా ఆర్గానిక్ షాపులోనో, ప్రకృతి సేద్యం చేసే రైతు దగ్గరో కొనడం రెండోది. డాబా మీద గ్రో బ్యాగులు పెట్టి మనమే పండించుకోవడం మూడోది. ఎవరిని అడిగినా తాము పట్టుకున్న దారే మేలంటారు. నేను మాత్రం ఇల్లు మొత్తానికి ఒకే దారి పెట్టుకోవద్దంటాను. ఆకుకూరలు డాబా మీద, పాదు కాయలు రైతుబజారులో, పసుపు, బెల్లం, పప్పుల్లాంటి నిలవ సరుకు నమ్మకమైన ఆర్గానిక్ చోట. ఇలా పంచుకుంటే జేబుకీ ఒంటికీ రెంటికీ సరిపోతుంది.

ముందు రైతుబజారు సంగతి. 1999లో మొదలైన ఈ బజార్ల అసలు ఉద్దేశం దళారీని తప్పించడం. మందులు తగ్గించడం కాదు. ఎంవీపీ కాలనీకి వెళ్లినా, సీతమ్మధారకు వెళ్లినా, కంచరపాలెం వెళ్లినా తాజాదనానికి లోటుండదు. ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం వైపు నుంచి తెల్లవారేసరికి దిగిన ఆనపకాయ, బీరకాయ, దొండకాయ మధ్యాహ్నానికి మన పొయ్యి మీద ఉంటాయి. తాజాదనం వేరు, మందు లేకపోవడం వేరు. ఈ రెంటినీ మనం కలిపేసుకుంటాం.

వంకాయలు అమ్మే ఒక పెద్దాయన్ని "మందు కొట్టనివి ఉన్నాయా?" అని అడిగితే నవ్వేశాడు. "మందు కొట్టకపోతే వంకాయ నిలుస్తాదేటి బాబూ?" అన్నాడు. ఆయన మాటలో అబద్ధమేమీ లేదు. వంగకి కొమ్మా కాయా తొలిచే పురుగు ఒకటుంది. గుడ్డు పగిలిన కాసేపటికే పిల్ల పురుగు లోపలికి దూరిపోతుంది, ఆ తర్వాత పైన ఎంత కొట్టినా దానికి తగలదు. అందుకే లోపలికి పోకముందే చంపాలని రైతు మళ్లీ మళ్లీ కొడతాడు. ఒక పుచ్చు వంకాయ కోసి చూడండి. తొడిమ కింద గుండుసూది మొనంత చిల్లు, లోపల నల్లటి పొడి, ఆ పొడి చివర లేత గులాబీ రంగులో ముడుచుకున్న పురుగు. పురుగుందంటే మందు కొట్టలేదన్నమాట అని చాలామంది సంతోషంగా ఏరుకుంటారు. కానీ మందు బాగా తిన్న తోటలో కూడా ఈ పురుగు ఉంటుంది, కాబట్టి ఆ చిల్లు సర్టిఫికెట్ కాదు.

కడిగితే పోతాయా అంటే, కొన్ని పోతాయి. కాయ పైన అంటుకున్న మందు ధారగా పడే నీళ్లలో రుద్ది కడిగితే చాలావరకు వదులుతుంది. అమెరికాలో 2017లో యాపిల్స్ మీద చేసిన పరీక్షలో వంటసోడా నీళ్లలో పన్నెండు, పదిహేను నిమిషాలు ఉంచితే తొక్క మీది మందు పోయింది గానీ, తొక్క లోపలికి ఇంకినది పోలేదు. ఇమిడాక్లోప్రిడ్‌లాంటి మందులు మొక్క రసంలోకే ఎక్కుతాయి. వాటికి ఉప్పు నీళ్లూ పసుపు నీళ్లూ చేయగలిగింది తక్కువే. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని నిషేధం ఉంది, అయినా ఫలానా కాయ మీద ఏం కొట్టారో, కొట్టాక ఎన్నాళ్లు ఆగి కోశారో కొనేవాడికి తెలిసే దారి లేదు.

అందుకని రైతుబజారులో ఏది కొనాలో ఎంచుకోవాలి. తొక్క తీసి వండేవి, అంటే ఆనప, బీర, అరటికాయ, కంద, చేమ లాంటివి నేను నిశ్చింతగా కొంటాను. వంకాయ, బెండకాయ, పచ్చిమిర్చి దగ్గర కాస్త ఆలోచిస్తాను. ఇక ఆకుకూరలు, కొత్తిమీర, కరివేపాకు. వీటికి తొక్క ఉండదు, మందు నేరుగా ఆకు మీదే పడుతుంది, మనం తినేదీ ఆ ఆకునే. కేరళలో జరిగిన పరీక్షల్లో మందుల అవశేషాలు తరచూ బయటపడ్డవాటిలో కరివేపాకు ఒకటి. మన ఇళ్లలో పోపు అంటే కరివేపాకే కదా.

ఇక ఆర్గానిక్ షాపులు. రేటు మామూలు కన్నా ఒకటిన్నర రెట్లు, కొన్నిటికి రెండింతలు. ఆ డబ్బుకి ఏమొస్తుందో తెలుసుకుని ఇవ్వాలి. పోషకాలు ఎక్కువ అన్న మాట మీద శాస్త్రవేత్తలకే ఏకాభిప్రాయం లేదు. 2012లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ వడపోసి పోషకాల్లో పెద్ద తేడా లేదన్నారు. 2014లో వచ్చిన ఇంకో పరిశీలన ఆర్గానిక్ పంటల్లో యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువంది. మందుల అవశేషాలు తక్కువ అన్న దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. మనం డబ్బు పెట్టేది దానికే.

ప్యాకెట్ సరుకైతే ఆర్గానిక్ అని ధ్రువీకరించే జైవిక్ భారత్ గుర్తు చూడండి. దాని వెనుక రెండు పద్ధతులున్నాయి. 2001 నుంచి నడుస్తున్న జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం, అంటే ఎన్‌పీఓపీలో బయటి ఏజెన్సీ వచ్చి తనిఖీ చేస్తుంది, పీజీఎస్‌లో రైతుల బృందం ఒకరి పొలాన్ని ఒకరు చూసుకుంటుంది. పీజీఎస్ గ్రీన్ అని ఉంటే ఆ పొలం ఇంకా మారే దశలో ఉందని అర్థం. రసాయనాలు మానేసిన మర్నాటి నుంచే పంట ఆర్గానిక్ అయిపోదు, కూరగాయల్లాంటి పంటలకు రెండేళ్లు, తోటలకు మూడేళ్లు ఆగాలి.

విడిగా గంపల్లో పోసి అమ్మే కూరగాయలకు ఏ గుర్తూ ఉండదు. అక్కడ నేను చూసేది ఒకటే, షాపులో ఏం లేదు అని. నిజంగా రసాయనాలు లేకుండా పండించే రైతు దగ్గర అన్ని కాయలూ అన్ని నెలలూ ఉండవు. మే నెలలో నిగనిగలాడే కాలీఫ్లవర్, పక్కనే ఒకే సైజు టమాటా, ఏడాది పొడుగునా అదే వరస కనిపిస్తే ఆ బోర్డు మీద నాకు నమ్మకం కలగదు. "ఈ వారం బెండ రాలేదండి, పల్లాకు తెగులు వచ్చింది" అని చెప్పే షాపైతే మళ్లీ వెళ్తాను. మన రాష్ట్రంలో 2016 నుంచి ప్రభుత్వమే ప్రకృతి సేద్యం కార్యక్రమం నడిపిస్తోంది. ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతం, కషాయాలతో పండించే రైతులు జిల్లాలో ఉన్నారు. అలాంటి ఒక కుటుంబంతో పరిచయం పెట్టుకుని వారానికోసారి తెప్పించుకోవడం షాపు కన్నా నయం. కాకపోతే వాళ్లు పంపిందే మనం వండుకోవాలి.

నిలవ సరుకు విషయానికొస్తే విశాఖ వాళ్లు అదృష్టవంతులు. పాడేరు ఏజెన్సీ పసుపు, రాజ్‌మా, అరకు కాఫీ మనకి దగ్గర్లోవే. అక్కడి గిరిజన రైతులు మొదటి నుంచీ ఎరువులూ మందులూ వాడేది తక్కువ. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనే ఉంది, వాళ్ల దుకాణాల్లో తేనె, చింతపండు, కుంకుడుకాయ, పసుపు దొరుకుతాయి. పసుపు పొడి కాకుండా కొమ్ములు కొని పట్టించుకుంటే రంగు కల్తీ భయం చాలావరకు పోతుంది. బెల్లం అనకాపల్లిదే, అయితే బంగారంలా మెరిసే అచ్చు వద్దు. ఆ మెరుపు చాలాసార్లు హైడ్రోస్ అనే రసాయనం వేస్తే వచ్చేది. ముదురు రంగు బెల్లం పాయసంలో చూడ్డానికి బాగోదని ఇంట్లో గొణుగుతారు, గొణగనివ్వండి.

ఇప్పుడు డాబా తోట. అందరికీ ఆశ దీని మీదే, లెక్క తప్పేదీ ఇక్కడే. జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన ప్రకారం మనిషికి రోజుకి 400 గ్రాముల కూరగాయలు కావాలి. నలుగురున్న ఇంటికి నెలకి దాదాపు 48 కిలోలు. ఇరవై గ్రో బ్యాగులు పెట్టి అందులో సగం కూడా తీయలేం. ఒక్కో బ్యాగులో వంగ మొక్కో టమాటా మొక్కో ఒక్కటే పెరుగుతుంది, పిండినల్లి పట్టిన వారం అదీ లేదు. అదే చోట తోటకూర చల్లితే మూడు, నాలుగు వారాల్లో కోతకొస్తుంది, మళ్లీ చల్లుకోవచ్చు. గోంగూర, బచ్చలి అయితే కోసిన కొద్దీ చిగురేస్తాయి. కరివేపాకు మొక్క నిలదొక్కుకుంటే కొన్నేళ్ల పాటు పోపుకి బెంగ లేదు. బజారులో ఎక్కువ భయపడాల్సిన సరుకే డాబా మీద తేలిగ్గా వస్తోంది. అందుకే అన్నాను, ఆకు డాబా మీదకి అని.

మట్టి బరువు సంగతి చాలామందికి తట్టదు. మామూలుగా ఇళ్ల డాబాలకి ఇంజినీర్లు వేసుకునే అదనపు బరువు చదరపు మీటరుకి 150 కిలోల దాకానే. అడుగు మందాన తడి మట్టి పరిస్తే అదే చదరపు మీటరులో 500 కిలోలు తేలుతుంది. ఇటుకలు పేర్చి మడులు కట్టడం అందుకే వద్దు. పన్నెండు అంగుళాల బ్యాగులో ఎర్రమట్టి ఒక వంతు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక వంతు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక వంతు, గుప్పెడు వేపపిండి కలిపి, గోడల వెంట, బీముల మీదుగా ఎడంగా పెట్టండి. అపార్ట్‌మెంట్ అయితే పై ఫ్లోర్ వాళ్ల సీలింగ్‌కి చెమ్మ దిగకుండా స్టాండ్లు వేయండి. లేకపోతే అసోసియేషన్ మీటింగ్ మొత్తం మీ తోట మీదే నడుస్తుంది. జీవామృతం కలిపే రోజు పక్కింటి వాళ్లకి ముందే ఓ మాట చెప్పడం కూడా మంచిది, ఆ వాసన వాళ్ల హాలు దాకా వెళ్తుంది.

ఊళ్లో ఏ వైపు ఉన్నారన్న దాని మీద కూడా తోట చాలా ఆధారపడి ఉంటుంది. పెదవాల్తేరు, ఎంవీపీలో సముద్రం వైపు ఇళ్లకి ఉప్పు గాలి తగిలి ఆకుల అంచులు మాడతాయి. అక్కడ పాలకూర నయం, అది బీట్‌రూట్ జాతిది, ఉప్పుని తట్టుకుంటుంది. గాలి బాగా వీచిన మర్నాడు మంచినీళ్లతో ఆకులు తడపాలి. వన్‌టౌన్, జ్ఞానాపురం, మల్కాపురం వైపైతే పోర్టు బొగ్గు పొడి ఆకు మీద నల్లగా పేరుకుంటుంది. అక్కడ ఇంట్లో పండిందే కదా అని కడగకుండా తినడానికి వీల్లేదు. అడవివరం, సింహాచలం వైపు కోతులున్నాయి, వాటికి మందులు లేని కాయంటే మనకన్నా ఇష్టం.

తుపాను సీజన్ మరీ ఇబ్బంది. విత్తనాలకి మంచి కాలం అక్టోబరు నుంచే, తుపాన్లకీ అదే కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. హెచ్చరిక రాగానే పిట్టగోడ మీది కుండీలు కిందికి దించాలి, పందిరి తాళ్లు విప్పేయాలి, షేడ్ నెట్ మడిచి లోపల పడేయాలి. గోడ మీంచి ఎగిరిన కుండీ వీధిలో ఎవరి నెత్తిన పడుతుందో తెలీదు. తుపాన్లు లేని నెలల్లో నీళ్ల టెన్షన్ ఉంటుంది. ఏప్రిల్, మేలో రెండు పూటలా తడపాలి, పెళ్లికో పుష్కరాలకో నాలుగు రోజులు ఊరెళ్తే పక్కింటావిడని బతిమాలుకోవాలి. అంత ఓపిక లేని ఇంట్లో డాబా తోట పెట్టించడం ఖర్చు దండగ.

అద్దె ఇంట్లో ఉండి డాబా తాళం ఓనరు దగ్గరుంటే బాల్కనీ ఉంది. రోజుకి మూడు, నాలుగు గంటల ఎండ పడితే పుదీనా, మెంతికూర, ఒక కరివేపాకు కుండీ పెట్టుకోవచ్చు. పుదీనాకి విత్తనం కూడా అక్కర్లేదు, బజారు కట్టలోంచి గట్టి కాడలు నాలుగు తీసి గుచ్చితే చాలు. కొత్తిమీరకి ధనియాలు రెండు బద్దలయ్యేలా నలిపి, రాత్రి నానబెట్టి చల్లాలి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగా వస్తుంది. ఎండలు ముదిరాక ఆకు వేయకుండా పూతకి వెళ్లిపోతుంది, ఆ నెలల్లో కొత్తిమీర రైతుబజారులోనే కొనుక్కోండి.