మా హెల్ప్ డెస్క్ సాఫ్ట్‌వేర్: నాలుగేళ్లు, మూడు ప్యాచ్‌లు, ఒక పాత టికెట్

టికెట్ (కస్టమర్ నుంచి వచ్చే ఒక్కో ఫిర్యాదు) ఎవరికి అప్పగించాలి, ఎస్కలేషన్ (తేలనిదాన్ని పైవాళ్లకు పంపడం) ఎలా పెట్టాలి లాంటివి ఇక్కడ రాయను. ఏ హెల్ప్ డెస్క్‌లోనైనా అవి కాస్త అటూఇటూగా ఒకటే. మా హెల్ప్ డెస్క్ సాఫ్ట్‌వేర్‌ను సొంత సర్వర్ మీద పెట్టుకుని నాలుగేళ్లుగా వాడుతున్నాం. పేరు చెప్పను. చెబితే మా సర్వర్‌లో ఏముందో ఊరందరికీ చెప్పినట్టే. నా బాధంతా ఒక్కదాని గురించి: భద్రతా లోపం బయటపడితే తయారుచేసినవాళ్లు దాన్ని సరిచేసే తీరు.

మొదటి ఏడాది ఎవరడిగినా దీన్నే వాడమనేవాణ్ణి. కస్టమర్ పంపిన మెయిల్ ఎలా ఉందో టికెట్‌లో అలాగే కనిపించేది. రంగులు, టేబుళ్లు, మధ్యలో అతికించిన స్క్రీన్‌షాట్లు, ఏదీ చెదిరేది కాదు. అంతకుముందు వాడినదాంట్లో అన్నీ కలిసి ఒకటే ముద్దగా వచ్చేవి. మెయిల్ అంత చక్కగా కనిపిస్తోందంటే అందులోని హెచ్‌టీఎంఎల్‌ను (ఏది ఎలా కనిపించాలో చెప్పే కోడ్‌ను) వడపోత లేకుండా మా బ్రౌజర్ చేతికి ఇచ్చేస్తున్నారని అప్పట్లో తట్టలేదు.

ఒక సోమవారం పొద్దున ఏజెంట్ల (టికెట్లు చూసే మావాళ్ల) జాబితాలో కొత్త పేరు కనిపించింది, అడ్మిన్ హక్కులతో సహా. ఉన్నదే ఐదుగురం. నువ్వు చేశావా అంటే నువ్వు కాదా అనుకున్నాం. లాగ్‌లు తీసి చూస్తే ఆ ఖాతా తెరిచింది నేనే! నా లాగిన్, నా ఐపీ, శుక్రవారం సాయంత్రం. ఆ నిమిషంలో నేను చేసిన ఇంకో పని ఒకటే, ఇన్‌వాయిస్ రాలేదంటూ వచ్చిన ఒక టికెట్ తెరవడం.

ఆ మెయిల్ సోర్స్‌లో ఒక ఇమేజ్ ట్యాగ్ ఉంది. బొమ్మ చిరునామా ఉత్తదే. బొమ్మ దొరకనప్పుడు నడిచే ఆన్‌ఎర్రర్‌లో స్క్రిప్ట్ (బ్రౌజర్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్) పెట్టారు. సర్వర్‌లో దాగి ఉండి, తెరిచినవాళ్ల బ్రౌజర్‌లో నడిచే ఇలాంటి దాడిని స్టోర్డ్ ఎక్స్‌ఎస్‌ఎస్ అంటారే, అచ్చంగా అదే. మా సెషన్ కుకీకి (లాగిన్ అయ్యామని గుర్తుంచే చీటీకి) స్క్రిప్ట్‌లు దాన్ని చదవకుండా ఆపే హెచ్‌టీటీపీ-ఓన్లీ పెట్టి ఉంది కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. తీరా చూస్తే స్క్రిప్ట్‌కు కుకీతో పనే పడలేదు. నా బ్రౌజర్‌లోనే, నా పేరుతోనే కొత్త ఏజెంట్ ఫారం తెప్పించుకుని, అందులోని సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (ఫారం మా పేజీ నుంచే వచ్చిందని చూపే రహస్య సంఖ్య) చదువుకుని, నింపి పంపేసింది. దొంగ తాళంచెవి ఎత్తుకెళ్లలేదు, నా చేతే తలుపు తీయించాడు.

ఆ ఖాతా తీసేసి, పాస్‌వర్డ్‌లు మార్చి, సెషన్లన్నీ రద్దు చేసి, తయారుచేసినవాళ్లకు రాశాను. తొమ్మిది రోజుల్లో ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) వచ్చింది. అది నిజంగా వేగమే, కాదనను. రిలీజ్ నోట్స్‌లో మాత్రం మెయిల్ కనిపించే తీరులో చిన్న మార్పులు చేశామని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. అది చదివి ఎవరు హడావుడిగా అప్‌డేట్ చేసుకుంటారు?

మేం వేశాం. అదే మెయిల్ మళ్లీ పంపి చూశాను, ఆన్‌ఎర్రర్ ఊడిపోయి వచ్చింది. హమ్మయ్య అనుకున్నా. రెండు వారాల తర్వాత టెస్టు సర్వర్‌లో బ్యాకప్ ఎక్కించి వేరే పనేదో చూసుకుంటూ, సాక్ష్యంగా ఉంటుందని తీసేయకుండా ఉంచిన ఆ పాత టికెట్ తెరిచాను. ఏజెంట్ల జాబితాలో అదే పేరు మళ్లీ ప్రత్యక్షం! స్క్రిప్ట్‌లో ఏ సర్వర్ పేరూ లేదు, ఎక్కడ తెరిస్తే అక్కడే పనిచేస్తుంది. వాళ్లు చేసిందేమిటంటే, మెయిల్ లోపలికి వచ్చేటప్పుడు మాత్రమే శుభ్రం చేశారు. అప్పటికే డేటాబేస్‌లో ఉన్నవాటి జోలికే పోలేదు. తెర మీద చూపించేటప్పుడు శుభ్రం చేసి ఉంటే పాతా కొత్తా అన్న తేడానే ఉండేది కాదు. మా దగ్గర అప్పటికి నలభై వేల పైచిలుకు పాత టికెట్లున్నాయి. వాటిలో ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో అని ఆ వారమంతా ఒకటే టెన్షన్.

రెండో ప్యాచ్ చూపించేటప్పుడే శుభ్రం చేసింది, కాకపోతే ఫలానావి రాకూడదు అనే జాబితా పట్టుకుని. ఆన్‌ఎర్రర్ ఆగింది, ఎస్‌వీజీ (ఇంకో రకం బొమ్మ) ట్యాగ్‌కు, బొమ్మ లోడ్ కాగానే నడిచే ఆన్‌లోడ్ తగిలిస్తే దర్జాగా నడిచింది. ఇది వీళ్ల ఒక్కరి జబ్బే కాదులెండి. సోలార్‌విండ్స్ కంపెనీవాళ్ల వెబ్ హెల్ప్ డెస్క్‌లో 2024 ఆగస్టులో పదికి 9.8 తీవ్రత ఉన్న ఒక లోపానికి ప్యాచ్ ఇస్తే దాన్ని తప్పించుకునే దారి దొరికింది. దాన్నీ మూస్తే, ఆ మూతను తప్పించుకునే దారి 2025లో బయటపడింది. అది చదివాక మావాళ్ల మీద కోపం కాస్త తగ్గింది. కాస్తే.

మూడోసారి మాత్రం పద్ధతిగా చేశారు. అనుమతించిన ట్యాగ్‌లు, ఆట్రిబ్యూట్లు తప్ప మిగతావన్నీ ఎగిరిపోతాయి. మెయిల్ శాండ్‌బాక్స్ పెట్టిన ఐఫ్రేమ్‌లో (మిగతా పేజీని ముట్టుకోలేని విడి పెట్టెలో) తెరుచుకుంటుంది, అటాచ్‌మెంట్లు వేరే డొమైన్ నుంచి వస్తాయి. నాకు తెలిసిన తంటాలన్నీ పడ్డాను, లొంగలేదు. దాని పైన మేమూ కంటెంట్ సెక్యూరిటీ పాలసీ హెడర్ (ఏ స్క్రిప్ట్‌లు నడవొచ్చో బ్రౌజర్‌కు చెప్పేది) పెట్టుకుంటే రిపోర్టుల పేజీలో సగం బటన్లు పనిచేయడం మానేశాయి. ఆ ఒక్క పేజీకి మినహాయింపు ఇవ్వక తప్పలేదు.

ఇంతకీ నేను మొదట మెచ్చుకున్న అందమే పోయింది. రంగుల్లేవు, టేబుళ్ల గీతల్లేవు. మా టీంలో ఒకావిడ పాతదే బాగుందండీ అని ఇప్పటికీ అంటారు.

సర్వర్ సంగతి తెలిసిన మనిషి ఒకరుండి, ప్రతి అప్‌డేట్‌నూ ముందు టెస్టు సర్వర్‌లో వేసి చూసే ఓపిక ఉంటే వాడొచ్చు. లేనివాళ్లకు చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. మేమైతే వాడుతూనే ఉన్నాం, సగం నమ్మకంతో, సగం ఆ నలభై వేల టికెట్లను ఇంకోచోటికి మార్చే ధైర్యం లేక. అడ్మిన్ ఖాతాతో టికెట్లు చూడటం మానేశాను. ఆ ఇన్‌వాయిస్ టికెట్ మా టెస్టు సర్వర్‌లో అలాగే ఉంది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ముందు తెరిచేది దాన్నే.