కాలర్ పట్టుకోవడం నేర్పే చోటు: ఎనిమిది నెలల జియు-జిట్సు తర్వాత

కొండాపూర్ వైపు ఒక వాణిజ్య భవనం పై అంతస్తులో నడుస్తున్న, ప్రత్యర్థిని నేల మీద పట్లతో లొంగదీసే బ్రెజిలియన్ జియు-జిట్సు శిక్షణశాలకు నేను ఎనిమిది నెలలుగా వారానికి మూడు రోజులు వెళుతున్నాను. నా వయసు నలభై ఒకటి, ఉద్యోగం బ్యాంకులో. అంతకుముందు ఆటలతో ఉన్న సంబంధమల్లా చదువుకునే రోజుల్లో ఆడిన కబడ్డీ ఒక్కటే. లోపాలు కూడా రాయబోతున్నాను కనుక శిక్షణశాల పేరు చెప్పడం లేదు.

ఇక్కడ గీతోనూ గీ లేకుండానూ వేర్వేరు తరగతులు ఉన్నాయి. గీ అంటే మందపాటి నూలు కోటు, ప్యాంటు, నడుముకు బెల్టు. ఇరవై రెండేళ్ల సాఫ్ట్‌వేర్ కుర్రవాళ్లతో టీషర్టు వేసుకుని తలపడితే చెమట పట్టిన ఒళ్లు చేతికి దొరకకుండా జారిపోతుంది, వాళ్ల వేగానికి నా దగ్గర జవాబు ఉండదు. అదే గీ వేసుకుంటే కాలర్, చొక్కా చేతులు, మోకాలి దగ్గరి గుడ్డ అన్నీ పిడుల్లా పనికొస్తాయి. ఒకసారి పట్టు కుదిరిందంటే అవతలివాడు ఎంత చురుకైనవాడైనా నా లెక్కకు దిగిరాక తప్పదు. నలభై దాటినవారు గీ తరగతిలోనే మొదలుపెట్టడం మేలని నేను అనడానికి కారణం ఇదే.

ఈ శిక్షణశాలలో నాకు బాగా నచ్చినది నేర్పే తీరు. కోచ్ బ్రౌన్ బెల్టు (నల్ల బెల్టుకు ఒక మెట్టు కింద), వయసులో నాకంటే పదేళ్లు చిన్న. రోజుకో కొత్త విద్య చూపించి మురిపించే అలవాటు ఆయనకు లేదు. క్లోజ్డ్ గార్డ్ (కింద ఉండి కాళ్లతో బంధించే భంగిమ) నుంచి, చేతులు అడ్డంగా వేసి కాలర్‌తో మెడ బిగించే క్రాస్ కాలర్ చోక్ ఒక్కదాని మీదే మాకు మూడు వారాలు పట్టింది. వెల్లకిలా పడుకుని అవతలివాడి నడుమును రెండు కాళ్లతో బంధించి, మొదటి చేతి నాలుగు వేళ్లను కాలర్ లోపలికి, బొటనవేలు బయట ఉండేలా, మెడ వెనక ట్యాగు తగిలేదాకా పోనివ్వాలి. మొదటి వారమంతా అంతే. రెండో చేయి దాని కిందుగా దూరి అవతలి కాలర్ అందుకోవడం రెండో వారం. మణికట్లు తిప్పి, మోచేతులను పక్కటెముకలకు ఆనించి, అతని తలను మన ఛాతీ మీదికి లాక్కోవడం మూడో వారం. ఈ పట్టు నొక్కవలసింది శ్వాసనాళాన్ని కాదు, మెడకు ఇరువైపులా మెదడుకు రక్తం తీసుకువెళ్లే ధమనులను. సరిగ్గా పడితే కొన్ని సెకన్లలోనే స్పృహ తప్పే ప్రమాదం ఉంది కనుక, పట్టు పడిందని తెలియగానే చేత్తో రెండుసార్లు తట్టి లొంగిపోవడాన్ని కోచ్ అన్నిటికంటే ముందు నేర్పారు. పట్టులో చిక్కినవాడు ప్రతిసారీ నొక్కు ఎక్కడ తెలుస్తోందో పైకి చెప్పాలి. గొంతు ముందు భాగంలో అని చెబితే, వేసినవాడు వదిలి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. నేను మళ్లీ మొదలుపెట్టిన సార్లకు లెక్క లేదు.

మన భాషలో ఉడుం పట్టు అనేది మెచ్చుకోలు మాట. ఇక్కడ మొదటి రెండు నెలలూ కోచ్ నాలో ఎత్తిచూపిన తప్పు అదే. దొరికిన చొక్కా చేతిని ప్రాణం పోయినా వదలనట్టు పట్టుకుని వేలాడేవాణ్ని, ఈలోగా ఎదుటి మనిషి నా కాళ్లు దాటేసి పక్కకు చేరిపోయేవాడు. "ఆ చేతిలో ఏముంది సార్? ఉత్త గుడ్డ. వదిలేయండి" అని ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుని చెప్పిన రోజు నా కుడిచేతి ఉంగరపు వేలు వాచిపోయి మర్నాడు కౌంటరులో నోట్లు లెక్కపెట్టడమే కష్టమైంది. వేళ్లకు టేపు ఎలా చుట్టాలో నేర్పింది కూడా ఆయనే. చొక్కా చేతి లోపలికి వేళ్లు దూర్చి పట్టుకోవడం అంతర్జాతీయ సమాఖ్య నియమాల ప్రకారం నిషిద్ధమని, గుడ్డను బయటి నుంచి మడిచి పిడికిట్లో బిగించాలని మొదటి వారంలోనే చెప్పడం వల్ల, మానుకోవలసిన చెడ్డ అలవాటు ఒకటి తగ్గింది.

ఈ విద్య జూడో నుంచి వచ్చిందని ఆయన కథగా చెప్పరు, నిలబడి పట్టు పట్టే సాధన చేయించేటప్పుడు ప్రస్తావిస్తారు. జూడోకు పుట్టిల్లయిన కోడోకాన్‌లో శిక్షణ పొందిన మిత్సుయో మయెడా 1914లో బ్రెజిల్ చేరడం, అక్కడ కార్లోస్ గ్రేసీ ఆయన దగ్గర నేర్చుకోవడం, తర్వాత ఆ కుటుంబం నేల మీది పోరాటానికి పదును పెట్టడం అలా మాటల్లో మాటగా తెలిశాయి. జూడో కోటు వేసుకునే ఆడతారు కనుక, కోటు కాలర్ ఈ ఆటలో ఎందుకు ఉందన్న నా సందేహం కూడా దానితో తీరింది.

మా తరగతిలో పాతబస్తీ తాలీంఖానాలో కుస్తీ నేర్చుకున్న ఒకాయన ఉన్నారు. నిలబడి ఉన్నంతసేపు ఆయన ముందు మేమెవరమూ ఆగలేము. అయితే కుస్తీలో రెండు భుజాలూ నేలకు తగిలితే ఓటమి. మనం చిత్తు కావడం అనే మాట కూడా దాన్ని బట్టే అంటాం. ఆ భయంతో ఆయన కిందపడగానే బోర్లా తిరిగేవారు. జియు-జిట్సులో వీపు అప్పగించడమంటే ప్రత్యర్థికి 4 పాయింట్లు ఇవ్వడమే కాక, వెనక నుంచి కాలర్ కూడా చేతికి అందించడమే. వెల్లకిలా ఉండి పోరాడటాన్ని ఆయన ఒంటికి అలవాటు చేయడానికి కోచ్ నాలుగు నెలలు ఓపిక పట్టారు. గార్డ్ (కింద ఉన్నవాడి కాళ్ల అడ్డు) దాటితే 3, స్వీప్ చేస్తే (కింద నుంచి తిప్పి పైకి వస్తే) 2, మౌంట్‌కు (మీదెక్కి కూర్చుంటే) 4 అని పాయింట్లు లెక్కపెడుతూ, తొలి మెట్టయిన తెల్ల బెల్టు పోటీలో ఉండే 5 నిమిషాల గడువుకే ఇక్కడ ప్రతి రౌండూ నడిపిస్తారు.

ఇక ఫిర్యాదులు. సాయంత్రం 7 గంటల బ్యాచ్‌లో పన్నెండు మందికి సరిపోయే మ్యాట్ మీద ఇరవై మందికి పైగా ఉంటారు. ఒక జంట దొర్లుకుంటూ వచ్చి మరో జంట మీద పడటం మామూలే. వేలు వాచి మూడు వారాలు రాలేకపోయినప్పుడు ఆ రోజులను గడువు చివర కలపమని అడిగితే, మూడు నెలలకు కలిపి కట్టిన రూ. 12,000కు ఆ వెసులుబాటు లేదన్నారు. చేరినప్పుడు ఆ మాట ఎవరూ చెప్పలేదు. అన్నిటికంటే పెద్ద లోపం శుభ్రత. ఉదయం బ్యాచ్‌కు ముందు మ్యాట్‌ను క్రిమిసంహారకంతో తుడుస్తారు, సాయంత్రం రెండు బ్యాచ్‌ల మధ్య తుడవరు. వానాకాలంలో ముగ్గురికి తామర అంటుకుంది, అందులో నేనొకణ్ని. గోళ్లు పరీక్షించడంలో ఉన్న పట్టుదల మ్యాట్ తుడవడంలో ఎందుకు లేదో నాకు అర్థం కాలేదు.

గీ విషయంలో ఒక మాట. తమ ముద్ర ఉన్నదే కొనాలని మొదట ఒత్తిడి చేస్తారు, గట్టిగా అడిగితే బయటిది కూడా ఒప్పుకుంటారు. మన ఎండలకు 350 నుంచి 400 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) బట్ట చాలు, 550 కొన్నవారు ఏప్రిల్‌లో పశ్చాత్తాపపడ్డారు. మా అపార్టుమెంటు బోరు నీళ్లకు గీ అప్పడంలా బిగుసుకుపోతుంది, ముసురు పట్టిందంటే ఆరడానికి రెండు రోజులు తీసుకుంటుంది, కాబట్టి రెండు జతలు ఉండాలి. తామర భయంతో నేను ఒకసారి వేడినీళ్లలో నానబెడితే చేతులు కురచబడ్డాయి. చేయి చాచినప్పుడు మణికట్టుకు 5 సెంటీమీటర్లకు మించి పైకి ఉంటే పోటీలో అనుమతించరు, ఆ జత ఇప్పుడు సాధనకే పరిమితం.

మూడు నెలల్లో ఆత్మరక్షణ, ఆరు నెలల్లో బెల్టు అని ఆశపడేవారికి ఈ చోటు తగదు. నాకు ఇప్పటికి తెల్ల బెల్టు మీద, తర్వాతి బెల్టుకు ముందు ప్రగతికి గుర్తుగా ఇచ్చే స్ట్రైపులు (చారలు) రెండే వచ్చాయి, వాటికి విడిగా రుసుము తీసుకోకపోవడం సంతోషకరం. నేను మళ్లీ డబ్బు కట్టాను, ఉదయం 6:30 బ్యాచ్‌కు మాత్రమే. ఇక్కడే కాదు, ఎక్కడ చేరాలనుకున్నా సాయంత్రం రెండో బ్యాచ్ మొదలయ్యే పది నిమిషాల ముందు వెళ్లి గోడవారగా కూర్చోండి. ఆ వ్యవధిలో ఎవరైనా మాప్ పట్టుకుని మ్యాట్ మీదికి వస్తే, అప్పుడు ఫీజు సంగతి అడగండి.